బిగిసిన వేళ్లతో ఏ మీట నొక్కమంటారు?

కీళ్లవాతాన్ని మొదట్లోనే పట్టుకోవాలంటే ఆన్‌లైన్ స్క్రీనింగే దారి అంటున్నారు. ఐదు నిమిషాలు చాలట. పది పన్నెండు ప్రశ్నలకి అవుననో కాదనో నొక్కుకుంటూ పోతే, మన నొప్పి రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ కావచ్చో కాదో తెర మీద తేలిపోతుందట. డాక్టరు కోసం ఊళ్లు తిరగక్కర్లేదు, ఎవర్నీ బతిమాలక్కర్లేదు, ఇల్లు కదలక్కర్లేదు. వినడానికి ఎంత బాగుంది! కానీ ఇల్లు కదలక్కర్లేదని ఆడవాళ్లతో ఎవరన్నా అంటే నాకు వెంటనే అనుమానం వస్తుంది. మనల్ని ఇంట్లోనే ఉంచి చేసిన మేళ్ల జాబితా ఇప్పటికే చాలా పొడుగుంది మరి.

జబ్బుని తొందరగా గుర్తించడంతో నాకు తగువు లేదు. ఈ జబ్బులో తొందరే ప్రాణం. నా తగువల్లా ఆ ప్రశ్నల్ని తయారు చేసినవాళ్లు ఏ స్త్రీని ఊహించుకున్నారన్నదే. మహేంద్రతనయ ఒడ్డున, ఒడిషా సరిహద్దుని ఆనుకుని, పర్లాకిమిడికి కూతవేటు దూరంలో ఉన్న పాతపట్నం నుంచి చూస్తే ఆ ఊహలో మా ఆడవాళ్లెవరూ కనబడరు.

ముందు జబ్బు సంగతి చెప్పుకుందాం. కీళ్లవాతం అన్న పేరే సగం చిక్కు తెచ్చిపెట్టింది. మోకాలి చిప్ప అరిగినా వాతమే, నడుం పట్టేసినా వాతమే, ముసలమ్మ లేవలేకపోయినా వాతమే. కానీ రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అరుగుదల కాదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ కీళ్ల లోపలి పొర మీద తిరగబడడం వల్ల వచ్చే జబ్బు. ఎక్కువగా వేళ్ల మొదటి కణుపులు, నడిమి కణుపులు, మణికట్లు, కాలివేళ్ల మొదళ్లు వాస్తాయి. రెండు వైపులా వాస్తాయి. పొద్దున్న లేవగానే అరగంటో గంటో, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపో వేళ్లు బిగిసిపోయి ఉంటాయి. ఇది ముసలితనంలోనే రావాలని లేదు, ముప్పైల్లోనూ నలభైల్లోనూ మొదలవుతుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లకి రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది.

ఈ జబ్బు వైద్యశాస్త్రం కంటపడిన తీరు కూడా మనం గుర్తుపెట్టుకోవాల్సిందే. 1800లో పారిస్‌లోని సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలో లాండ్రే బోవే అనే యువ డాక్టరు దీన్ని మొదటిసారి విడిగా వర్ణించాడు. అప్పటికి కీళ్ల జబ్బంటే గౌటే. అది బాగా తిని తాగే సంపన్న పురుషుల జబ్బుగా పేరుపడింది. తన వార్డుల్లో కీళ్లు వాచి పడి ఉన్నవాళ్లేమో ఎక్కువమంది బీద ఆడవాళ్లు. వీళ్లకున్నది వేరే జబ్బని అతనికి తోచింది. 1859లో గారడ్ అనే ఇంగ్లీషు డాక్టరు దానికి రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని పేరు పెట్టాడు. అంటే డబ్బున్న మగవాడి నొప్పిని కొలబద్దగా పెట్టుకున్నంత కాలం బీద స్త్రీ నొప్పికి సొంత పేరే లేదన్నమాట. రెండు వందల ఏళ్లు దాటినా మా ఊళ్లో ఇంకా 1799లోనే ఉన్నాం.

మన దేశంలో ఇది అరుదైన జబ్బేమీ కాదు. ఉత్తరాది గ్రామీణ ప్రాంతంలో మాలవీయ బృందం చేసిన సర్వే 1993లో అచ్చయింది. పెద్దవాళ్లలో వెయ్యికి ఏడెనిమిది మందికి ఈ జబ్బు ఉన్నట్టు అందులో తేలింది. పుణే దగ్గర భిగ్వన్ అనే పల్లెలో 1996లో మొదలైన సర్వేలో వెయ్యికి ఐదుగురు తేలారు. ఈ లెక్కన ఒక మండలంలో ఎంతమంది ఉంటారో మీరే వేసుకోండి. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే అన్నదీ మర్చిపోకండి.

తొందర ఎందుకంటే, వాపు మొదలైన తొలి మూడు నుంచి ఆరు నెలల్లో సరైన మందు పడితే కీలు నిలుస్తుంది. దాటిపోతే ఎముక కొరుక్కుపోతుంది, వేళ్లు వంకరపోతాయి, ఆ నష్టాన్ని ఏ మందూ వెనక్కి తేలేదు. వాపు కనబడిన ఆరు వారాల్లో కీళ్లవాత నిపుణులు చూడాలనీ, మూడు నెలల్లోపు జబ్బుని అణిచే మందు మొదలుపెట్టాలనీ యూరప్ రుమటాలజిస్టుల సంఘం సిఫార్సు. ముఖ్యమైన మందు మెథోట్రెక్సేట్ ఖరీదైనదేమీ కాదు. వారానికి ఒక్కసారి వేసుకునే బిళ్ల. కనుక కరువు మందుకి కాదు, ఆ మందు దాకా వెళ్లే దారికి.

ఆ దారిలో మా ఆడవాళ్లు ఎక్కడెక్కడ ఆగిపోతారో చూడండి. మొదటి మజిలీ పని. ఉబాల్లో వంగి నాట్లేసిన చెయ్యి, కలుపు తీసిన చెయ్యి, చింతపండు పిక్క తీసిన చెయ్యి, పలాసలో జీడిపిక్క కొట్టిన చెయ్యి నొప్పెట్టకుండా ఉంటుందా అంటారు. నొప్పి పనికి కూలీలాంటిదని మనకి చిన్నప్పుడే నేర్పేశారు. రెండో మజిలీ పురుడు. కడుపుతో ఉన్నప్పుడు ఈ జబ్బు చాలామందిలో సద్దుమణిగి కాన్పయ్యాక చెలరేగుతుంది. కొందరిలో కాన్పు తరవాతి నెలల్లోనే తొలిసారి తలెత్తుతుంది. కానీ ఇంట్లో దానికి జవాబు సిద్ధంగానే ఉంటుంది. "బాలింతలో సన్నీళ్లల్లో సెయ్యెట్టినావు, గాలి సోకింది." తప్పు జబ్బుది కాదు, బాలింతరాలిది! బిడ్డని ఎత్తుకోలేక, చనుపాలు పట్టడానికి ఒడిలోకి తీసుకోలేక ఏడుస్తున్న తల్లికి పథ్యం మీద పథ్యం పెడతారు.

మూడో మజిలీ చికున్‌గున్యా. 2005 చివర్లో మొదలై 2006లో మన రాష్ట్రాన్ని కుదిపేసిన ఆ జ్వరం ఒక్కొక్కళ్ల కీళ్లని నెలల తరబడి పట్టుకుంది. అచ్చం కీళ్లవాతంలాగే కనిపించింది. అప్పట్నుంచీ ఏ కీలు వాచినా "అదే, ఆ జొరం తాలూకు" అనే అలవాటొకటి మిగిలిపోయింది. నాలుగో మజిలీ సూది. ఊళ్లో ప్రాక్టీసు చేసే ఆయన ఇచ్చే స్టెరాయిడ్‌తో మర్నాటికల్లా వేళ్లు విచ్చుకుంటాయి. దేవుడే అనిపిస్తాడు. నెలలు గడిచేసరికి మొహం ఉబ్బుతుంది, ఎముక పలచబడుతుంది, లోపల కీలు మాత్రం అరిగిపోతూనే ఉంటుంది. అది చాలనప్పుడు నొప్పి బిళ్లలు. ఇక్కడ మా జిల్లా సంగతి వేరే చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరుల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లని కూల్చిందో అందరికీ తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. ఉద్దానం జబ్బుకి నొప్పి బిళ్లలే కారణమని నేననడం లేదు. కానీ నొప్పి బిళ్లలు కిడ్నీకి చేటన్నది తేలిన విషయం. అలాంటి జిల్లాలో ఆడది తన చేతుల నొప్పికి దుకాణంలో చీటీ లేకుండా బిళ్లలు కొనుక్కుని ఏళ్ల తరబడి మింగుతుంటే పట్టించుకునే దిక్కు లేదు.

ఇప్పుడు చెప్పండి, ఈ నాలుగు మజిలీల్లో ఏ ఒక్కటైనా ప్రశ్నలు లేకపోవడం వల్ల వచ్చిందా? ఆమె అడగక కాదు, చెప్పక కాదు. "ఓలమ్మా, పొద్దుటే ఈ సేతులు నావి కావే, ఎండెక్కితేగానీ వేళ్లు ఇప్పుకోవు" అని ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకావిడ అంటూనే ఉంది. వైద్య పుస్తకంలో ఉన్న లక్షణాన్ని ఆవిడ అంతకంటే కచ్చితంగా చెప్పింది. వినేవాళ్లు లేరు. ఆలస్యం ఆమె దగ్గర లేదు, ఆమె మాట విననివాళ్ల దగ్గరుంది. వినికిడి లోపానికి ఇంకో ప్రశ్నాపత్రం మందెలా అవుతుంది?

అయినా సరే, ప్రశ్నాపత్రం వచ్చిందే అనుకుందాం. ఏ ఫోనులో వస్తుంది? 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు నూటికి 21 మంది, మగవాళ్లు దాదాపు 49 మంది. తరవాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఇంట్లో ఉన్న ఫోనుకీ ఆమె చేతిలో ఉన్న ఫోనుకీ తేడా లేదా? కొడుకు కాలేజీ నుంచి వచ్చాక, భర్త తిని పడుకున్నాక, ఎవరో ఒకరు నొక్కిపెడితే ఆవిడ జవాబు చెప్పాలి. పెళ్లి కావాల్సిన పిల్ల తన వేళ్ల వాపు సంగతి అన్నయ్య ఫోనులో నింపుతుందా? సంబంధాలు చూస్తున్న ఇంట్లో జబ్బు పేరు ఫోనులో కనబడితే ఏమవుతుందో ఈ పత్రిక చదివేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఏ భాషలో వస్తుంది? ఇంగ్లీషులో, లేదంటే యంత్రం చేసిన తెలుగులో. "ఉదయకాల దృఢత్వం" అంటే మా ఊళ్లో ఎవరికైనా ధైర్యం గుర్తొస్తుంది గానీ వేళ్లు గుర్తురావు. ఇక్కడ తెలుగుతోపాటు ఒడియా ఉంది, కొండ మీది ఊళ్లలో సవర ఉంది. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నాడు, వ్యాకరణం రాశాడు, నిఘంటువు కూర్చాడు. జనం మాట్లాడే మాటలో చదువు చెప్పకపోతే అది చదువే కాదని జీవితమంతా పోరాడాడు. ఆయన తిరిగిన నేల మీద ఇవాళ జబ్బుని మళ్లీ గ్రాంథికంలో అడుగుతున్నాం. ఆగస్టు 29న దండలు వెయ్యడానికి మాత్రం ఎవరం వెనకాడం.

ఇక ప్రశ్నల సంగతి. కీళ్లవాతం వల్ల పనులు ఎంత కుంటుపడ్డాయో కొలవడానికి ప్రపంచమంతా వాడే పత్రం ఒకటుంది. 1980లో స్టాన్‌ఫర్డ్‌లో తయారైంది. కారు తలుపు తియ్యగలరా, మూత తీసిన సీసా మూతని మళ్లీ తియ్యగలరా, కుళాయి తిప్పగలరా, వాక్యూమ్ క్లీనరుతో ఇల్లు శుభ్రం చెయ్యగలరా అని అడుగుతుంది. మన దేశపు డాక్టర్లే ఇందులో కొన్నిటిని మార్చి, బాసింపట్టు వేసుకుని కూర్చోగలరా, గొంతుక్కూర్చోగలరా అని చేర్చారు. మంచి పని. కానీ బోరింగు కొట్టగలరా, తడి చీర పిండగలరా, చోడిపిండి అంబలి గరిటె తిప్పగలరా, నాటు వేళ్ల మధ్య పట్టుకోగలరా, బిడ్డకి జడ వెయ్యగలరా అని ఎవరడుగుతారు? పని చేసే చేతిని చూడకుండా జబ్బుపడ్డ చేతిని చూడగలమా?

పోనీ, ప్రశ్నలు బాగానే ఉన్నాయి, చదువూ ఫోనూ రెండూ ఉన్నాయి అనుకున్నా ఈ తెరల తీర్పు ఎంత నమ్మదగ్గది? 2016లో బ్రిటన్‌లో డాక్టర్లు ఒక పరీక్ష పెట్టారు. వాపుతో కూడిన కీళ్ల జబ్బు నిజంగా ఉన్న 21 మంది చేత ఆన్‌లైన్ లక్షణాల పత్రాలు నింపించారు. నలుగురికి మాత్రమే మొదటి జవాబుగా సరైన జబ్బు పేరు వచ్చింది. ఫోన్లకీ చదువుకీ కొరత లేని దేశంలో సంగతిది. రక్తపరీక్ష కూడా ఒంటరిగా తీర్పు చెప్పలేదు. ఆర్.ఎ. ఫ్యాక్టర్ లేదని వచ్చినా నూటికి ఇరవై ముప్పై మందిలో జబ్బు ఉండొచ్చు, ఉందని వచ్చినవాళ్లందరికీ జబ్బు ఉండక్కర్లేదు. కణుపు మీద వేలేసి నొక్కి, మెత్తగా ఉబ్బిన పొరని తెలుసుకునే చెయ్యి కావాలి. ఆ చెయ్యి తెరలోంచి రాదు.

"అసలే నిపుణులు లేరు, ఏమీ లేనిదానికంటే ఇది నయం కదా" అని అడిగేవాళ్లున్నారు. ఇది కొట్టిపారెయ్యదగ్గ వాదన కాదు. దూరాన్ని తగ్గించే సాంకేతికతని నేను కాదనను. ఊరి ఆరోగ్య కేంద్రం నుంచి పెద్ద డాక్టరుతో మాట్లాడించే ఈ-సంజీవని 2019 నవంబరులో ముందుగా మన రాష్ట్రంలోనే మొదలైంది. జబ్బు నిర్ధారణ అయ్యాక మందు పడుతోందా, కాలేయం పరీక్ష ఎలా ఉంది, మోతాదు మార్చాలా అన్న మాటలకి అది చక్కగా పనికొస్తుంది. వేళ్లు నొప్పెడుతున్నా శ్రీకాకుళం బస్సులో నిలబడి పోవాల్సిన అవసరాన్ని కొన్ని నెలలు తప్పించినా మేలే. కానీ అక్కడ నర్సు పక్కన కూర్చుని ఉంటుంది, చెయ్యి పట్టుకుని చూస్తుంది, కాగితం రాస్తుంది. ఒంటరి తెర చేసేదేమిటి? చివర్లో ఎర్ర అక్షరాల్లో "మీ రుమటాలజిస్టుని సంప్రదించండి" అంటుంది. మీ అట! పాతపట్నం నుంచి ఆ "మీ" దగ్గరికి ఎన్ని బస్సులు మారాలి? ఎన్ని రోజుల కూలి పోతుంది? తోడు ఎవరొస్తారు? వంట ఎవరు చేస్తారు? ఆ ప్రశ్నలు మాత్రం పత్రంలో ఉండవు. వైద్యం దాకా తీసుకెళ్లని గుర్తింపు ఆమెకిచ్చేది బెంగ ఒక్కటే. పైగా బాధ్యతని ఆమె నెత్తికెత్తుతుంది. రేపు వేళ్లు వంకరపోతే, "ఫోనులో ముందే చెప్పింది కదా, నువ్వే అశ్రద్ధ చేశావు" అంటారు. మొన్న సన్నీళ్లు, రేపు ఫోను. నింద మాత్రం ఆమెదే.

మరి ఏం కావాలి? కొత్తగా ఏదీ కనిపెట్టక్కర్లేదు. భిగ్వన్‌లో జరిగిందే చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, కీళ్లవాత వైద్యుల అంతర్జాతీయ సంఘం కలిసి 1981లో మొదలుపెట్టిన కార్యక్రమంలో భాగంగా ఆ ఊరివాళ్లకే తర్ఫీదు ఇచ్చారు. వాళ్లు గడప గడపకీ వెళ్లి ప్రశ్నలడిగారు. నొప్పి ఉందన్నవాళ్లని డాక్టర్లు అక్కడే చూశారు. ప్రశ్నాపత్రం అక్కడా ఉంది. కానీ దానికి కాళ్లున్నాయి, చెవులున్నాయి, వెనక డాక్టరు ఉన్నాడు.

మనకి ఆ కాళ్లు ఇప్పటికే ఉన్నాయి. ఆసుపత్రిలో కాన్పయిన ఇంటికి ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు వెళ్లాలి. తరవాత బిడ్డ కోసం 3, 6, 9, 12, 15 నెలలకి మళ్లీ వెళ్లాలి. జబ్బు తలెత్తే కాలం సరిగ్గా ఇదే! ఆశా గుమ్మంలోనే ఉంది. బిడ్డ బరువు అడుగుతుంది, టీకాలడుగుతుంది. బిడ్డని ఎత్తుకున్న చేతుల్ని అడగమని ఆమెకెవరూ చెప్పలేదు. ముప్పై దాటినవాళ్ల కోసం ఆమె నింపే పత్రంలో "చేత్తో వస్తువులు పట్టుకోవడం కష్టంగా ఉందా" అన్న ప్రశ్న కూడా ఉంది. అది కుష్ఠు కోసం పెట్టింది. పొద్దుటే వేళ్లు బిగుస్తాయా అని ఇంకో ముక్క చేర్చడానికి ఎంత సిరా ఖర్చవుతుంది?

నిపుణుల దగ్గరికి వెంటనే పంపాల్సిన గుర్తుల్ని 2002లోనే అంతర్జాతీయ వైద్యులు మూడింటికి కుదించారు. మూడు లేదా అంతకంటే ఎక్కువ కీళ్లు వాచాయా? చేతివేళ్ల మొదళ్లని గానీ కాలివేళ్ల మొదళ్లని గానీ కలిపి పిసికితే నొప్పెడుతోందా? పొద్దుటి బిగువు అరగంట దాటుతోందా? ఈ మూడూ అడగడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకునే ఇంకో ఆడమనిషి చాలు. ఏ ఒక్కటి ఉన్నా కాగితం రాసి, ఫలానా రోజు ఫలానా డాక్టరు అని తేదీ ఇవ్వాలి. జిల్లా ఆసుపత్రిలో నెలకి ఒక్కరోజైనా కీళ్లవాత నిపుణుల ఓపీ ఉండాలి. యాంటీ-సీసీపీ పరీక్ష, మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్ అక్కడే ఉచితంగా దొరకాలి. ఆ బిళ్ల వారానికి ఒక్కసారే అని, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుందని మూడుసార్లు చెప్పే మనిషి ఉండాలి. కడుపుతో ఉండగా అది వాడకూడదు, కానీ వాడదగ్గ వేరే మందులున్నాయి, ఈ జబ్బుతో పెళ్లీ పిల్లలూ సాధ్యమే అని ఆమెకి, అత్తగారికి, భర్తకి కూర్చోబెట్టి చెప్పాలి. ఏ తెర చెబుతుంది ఇదంతా?

ఆశా మీద ఇంకో బరువు వెయ్యడమేనా అని మీరడగాలి. అడగకపోతే మనం స్త్రీవాదులమే కాదు. 2019 నుంచి మన రాష్ట్రంలో ఆమెకిస్తున్నది నెలకి 10,000 రూపాయల గౌరవ వేతనం. జీతమనరు, గౌరవమంటారు. కొత్త పని ఇస్తే కొత్త డబ్బు ఇవ్వాలి, తర్ఫీదు ఇవ్వాలి, ఉద్యోగిగా గుర్తించాలి. తెరలు తయారు చేసే సంస్థలకి దొరికే పెట్టుబడి గడప తొక్కే ఆడదానికి ఎందుకు దొరకదో నిలదియ్యాలి.

చివరి మాట మనకే, రాసేవాళ్లకీ పాఠాలు చెప్పేవాళ్లకీ. 1991లో స్త్రీశక్తి సంఘటన "సవాలక్ష సందేహాలు" తెచ్చినప్పుడు మన ఒంటిని మనమే మన మాటల్లో ప్రశ్నించుకోవచ్చని తెలిసింది. ఆ తరవాత గర్భసంచి గురించి, కాన్పు గురించి, హింస గురించి చాలా రాశాం. రాయాల్సిందే. కానీ చాకిరీ అని పేజీలు నింపిన మనం ఆ చాకిరీ చేసే చేతి కణుపుల్ని ఎన్నిసార్లు చూశాం? కథల్లో అమ్మమ్మ వంకర వేళ్లని ఆప్యాయతకి గుర్తుగా వాడుకున్నాం. అది వైద్యం అందని జబ్బు అని ఎందుకు రాయలేదు? విశ్వవిద్యాలయాల్లో ఆరోగ్యం మీద పరిశోధన చేసే అమ్మాయిలు ఈ మూడు ప్రశ్నల్నీ శ్రీకాకుళం మాటలో, ఒడియాలో, సవరలో ఊరి ఆడవాళ్ల ముందు కూర్చుని తయారు చెయ్యలేరా? ఆ మాటలు ఆశా పత్రంలోకి ఎక్కేదాకా మనం పోరలేమా?

ఆన్‌లైన్ పత్రాలు ఉండనివ్వండి. చదువూ ఫోనూ డాక్టరూ అందుబాటులో ఉన్నవాళ్లకి ఎంతో కొంత పనికొస్తాయి. కానీ వాటిని చూపించి, గడప దాకా రావాల్సిన వైద్యం తన బాధ్యత తీరిపోయిందంటే మాత్రం ఊరుకోవద్దు. ఆవిడ ఎప్పుడో జవాబు చెప్పేసింది. ఇప్పుడు చెప్పాల్సింది ప్రభుత్వం. ఏ రోజు, ఏ ఆసుపత్రిలో, ఏ డాక్టరు ఆవిడ చెయ్యి పట్టుకుని చూస్తారు?